కోనిఫర్ అడవులలో వేరు తెగుళ్ళు: పరిశోధన, యాజమాన్యం

ఉపోద్ఘాతం

పైన్, స్ప్రూస్, ఫర్, డగ్లస్‌ఫర్, దేవదారు వంటి సూది ఆకుల చెట్లను కోనిఫర్లు అంటారు. ఇవి పూలు పూయవు. శంకువులలో విత్తనాలను ఇస్తాయి. ఉత్తరార్ధగోళపు చల్లని, సమశీతోష్ణ ప్రాంతాలలో కలపకు, కాగితపు గుజ్జుకు ఈ అడవులే ప్రధాన ఆధారం. ఇక్కడ నాటిన చెట్టు కోతకు రావడానికి సాధారణంగా 40 నుండి 100 సంవత్సరాలు పడుతుంది. ఇంత దీర్ఘకాలపు పంటను లోపలి నుండి తినివేసే వాటిలో శిలీంధ్రాల వలన కలిగే వేరు తెగుళ్ళు ముఖ్యమైనవి. హెటెరోబేసిడియాన్ అనే ఒక్క శిలీంధ్ర ప్రజాతి వలన ఐరోపా యూనియన్ దేశాలలో ఏటా సుమారు 79 కోట్ల యూరోల నష్టం జరుగుతున్నదని 1998లో అంచనా వేశారు.

ఆకుమచ్చ తెగులు కంటికి కనిపిస్తుంది. సకాలంలో మందు పిచికారీ చేసి పంటను కాపాడవచ్చు. వేరు తెగులు విషయంలో ఆ అవకాశం లేదు. చెట్టు తల పలుచబడి, ఆకులు పసుపు రంగుకు మారే సమయానికి వేరు వ్యవస్థలో అధిక భాగం చెడిపోయి ఉంటుంది. అడవి నేలలో అంత లోతుకు చేరి పనిచేసే శిలీంధ్రనాశిని అందుబాటులో లేదు. అందువలన ఈ తెగుళ్ళ యాజమాన్యం చికిత్సపై కాక నివారణపై ఆధారపడి ఉన్నది. నివారణకు అత్యంత అనుకూలమైన సమయం చెట్టును నరికే గడియ. అనుకూలమైన చోటు నరికిన తరువాత నేలలో మిగిలే మొదలు, అంటే మోడు. ఈ నిర్ణయానికి పరిశోధకులు ఎలా వచ్చారో, దాని నుండి ఏ పద్ధతులు రూపొందాయో ఈ వ్యాసంలో వివరించబడినది.

ముఖ్యమైన వ్యాధికారకాలు

కోనిఫర్ల వేరు తెగుళ్ళలో మూడింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

మొదటిది హెటెరోబేసిడియాన్ వేరు కుళ్ళు. ఇది లిగ్నిన్‌ను, సెల్యులోజ్‌ను రెండింటినీ కరిగించే తెల్ల కుళ్ళు శిలీంధ్రం. పైన్ చెట్లలో ఇది వేళ్ళను చంపి చెట్టును ఎండబెడుతుంది. స్ప్రూస్ చెట్లలో వేరు నుండి చేవలోకి ప్రవేశించి, కాండంలో కొన్ని మీటర్ల ఎత్తు వరకు కుళ్ళును కలిగిస్తుంది. అటువంటి స్ప్రూస్ పైకి పచ్చగా, ఆరోగ్యంగానే కనిపిస్తుంది. నరికిన తరువాత మాత్రమే లోపలి డొల్లతనం బయటపడుతుంది. అత్యంత విలువైన మొదలు భాగపు దుంగ వంటచెరకు ధరకు పడిపోతుంది.

రెండవది ఆర్మిల్లేరియా వేరు కుళ్ళు. ఈ శిలీంధ్రం నల్లని త్రాళ్ళ వంటి నిర్మాణాలను నేలలో పంపి ఒక చెట్టు వేరు నుండి మరొక చెట్టు వేరుకు ప్రాకుతుంది. సోకిన చెట్టు మొదట్లో బెరడును ఒలిస్తే తెల్లని విసనకర్ర ఆకారంలో శిలీంధ్రజాలం కనిపిస్తుంది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రపు మాల్యూర్ జాతీయ అరణ్యంలో ఆర్మిల్లేరియాకు చెందిన ఒకే ఒక జీవి 965 హెక్టార్ల నేలలో వ్యాపించి ఉన్నదని 2003లో ప్రకటించారు. దాని వయస్సు కనీసం 1,900 సంవత్సరాలుగా అంచనా వేశారు. ఒక తరం అడవి నశించినా తెగులు నశించదని ఈ ఒక్క ఉదాహరణే తెలుపుతున్నది.

మూడవది ఉత్తర అమెరికా పశ్చిమ తీరపు డగ్లస్‌ఫర్ అడవులలో కనిపించే పొరల వేరు కుళ్ళు. కోనిఫెరిపోరియా సల్ఫ్యూరాసెన్స్ అనే శిలీంధ్రం దీనికి కారణం. కుళ్ళిన చెక్క వార్షిక వలయాల వెంబడి పుస్తకపు పుటల వలె పొరలు పొరలుగా విడిపోతుంది కనుక ఈ పేరు వచ్చినది. ఇది సిద్ధబీజాల ద్వారా కంటే వేళ్ళు ఒకదానినొకటి తాకడం ద్వారానే ఎక్కువగా వ్యాపిస్తుంది.

తెగులు ఎక్కడి నుండి వచ్చినది?

జర్మనీ దేశపు శాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్ 1870లలో కోనిఫర్ల వేరు కుళ్ళుకు శిలీంధ్రమే కారణమని నిరూపించారు. అంతకు ముందు కుళ్ళిన చెట్టుపై శిలీంధ్రం పుడుతుందని భావించేవారు. శిలీంధ్రం వలననే చెట్టు కుళ్ళుతుందని హార్టిగ్ చూపారు. తెగులు వేరు నుండి వేరుకు ప్రాకుతుందని కూడా గుర్తించారు. అయితే మొదటి చెట్టుకు అది ఎలా సోకినదన్న ప్రశ్నకు సమాధానం లభించడానికి మరో ఏడు దశాబ్దాలు పట్టినది.

ఆ సమాధానం ఇంగ్లండు తూర్పు ప్రాంతంలోని థెట్‌ఫర్డ్ పైన్ తోటల నుండి వచ్చినది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కలప కొరతను తీర్చడానికి బ్రిటన్‌లో 1919లో అటవీ కమిషన్‌ను నెలకొల్పారు. 1922 నుండి థెట్‌ఫర్డ్ పరిసరాలలోని ఇసుక నేలలలో పైన్ నాటసాగారు. వాటిలో చాలా భాగం అంతకు ముందు సాగుభూములు, గడ్డిభూములు. పైన్ చెట్టే లేని నేలలో పైన్ వేరు తెగులు ఉండడానికి కారణం కనిపించదు. అయినప్పటికీ తోటలు ఇరవై ఏళ్ళు దాటేసరికి చెట్లు గుంపులు గుంపులుగా ఎండిపోసాగాయి.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ రిష్‌బెత్ ఈ సమస్యను 1940ల చివరి భాగంలో అధ్యయనం చేశారు. ఎండిన చెట్ల వేళ్ళను త్రవ్వి, కుళ్ళు వెంబడి వెనుకకు పోతే అది తరచుగా ఒక పాత మోడు వద్దకు చేరేది. ఆ మోడు తోటను పలుచన చేసినప్పుడు మిగిలినది. నరికిన మోడు తాజా ఉపరితలంపై గాలిలోని సిద్ధబీజాలు వాలి మొలకెత్తుతాయని, శిలీంధ్రం మోడులో క్రిందికి పెరిగి వేళ్ళలోకి దిగుతుందని, అక్కడి నుండి తాకుతున్న పొరుగు వేళ్ళలోకి ప్రవేశిస్తుందని ఆయన ప్రయోగపూర్వకంగా చూపారు. 1950, 1951 సంవత్సరాలలో వెలువడిన ఈ పరిశోధన కోనిఫర్ అడవుల యాజమాన్యంలో మలుపు వంటిది.

దీనిలోని చిక్కును గమనించాలి. తోటలో హెక్టారుకు రెండు వేలకు పైగా మొక్కలు నాటి, వయస్సు పెరిగే కొద్దీ బలహీనమైన వాటిని తొలగిస్తూ, చివరకు కొన్ని వందల చెట్లను మిగుల్చుతారు. మిగిలిన చెట్లు లావెక్కడానికి ఇది అవసరం. కాని ప్రతి పలుచన తోటలో వందల సంఖ్యలో తాజా మోడులను మిగుల్చుతుంది. అడవి బాగు కొరకు చేసే పనియే అడవికి తెగులును తెచ్చే మార్గమైనది.

తాజా మోడు ప్రత్యేకత

నిలబడి ఉన్న చెట్టుకు బెరడు, రెజిన్ బంక రక్షణ కల్పిస్తాయి. నరికిన వెంటనే మోడులోని కణాలు చనిపోవు, క్రమంగా బలహీనపడతాయి. పోషకాలు సమృద్ధిగా ఉంటాయి, రక్షణ సన్నగిల్లుతుంది. ఇతర పూతికాహార శిలీంధ్రాలు ఇంకా చేరి ఉండవు. హెటెరోబేసిడియాన్ పోటీలో బలహీనమైనది. మరొక శిలీంధ్రం ముందుగా ఆక్రమించిన చెక్కలోకి అది సులభంగా చొరబడలేదు. అందువలన నరికిన మొదటి కొద్ది వారాలు మాత్రమే ఉపరితలం దానికి అనుకూలంగా ఉంటుంది. ఆ వ్యవధిలో ముందుగా ఏ శిలీంధ్రం చేరితే మోడు దానికే దక్కుతుంది.

ఒకసారి మోడులో స్థిరపడిన తరువాత శిలీంధ్రం దశాబ్దాల పాటు జీవించి ఉంటుంది. పాత తోటను నరికి కొత్త మొక్కలు నాటినప్పుడు, వాటి లేత వేళ్ళు ఈ పాత మోడు వేళ్ళను తాకి తెగులును అందుకుంటాయి. ఈ విధంగా మోడు రెండు పనులు చేస్తుంది. గాలిలో వచ్చే తెగులుకు అది ద్వారం. లోపలికి చేరిన తెగులుకు అది గాదె. ద్వారాన్ని మూయడం, గాదెను తొలగించడం వేర్వేరు పనులు. ఏ అడవిలో ఏది అవసరమో నిర్ణయించడానికి ముందుగా తెగులును సరిగా గుర్తించాలి.

పరిశోధన పద్ధతులు

వేరు తెగులు నేలలో దాగి ఉంటుంది కనుక దానిని అధ్యయనం చేయడానికి ప్రత్యేక పద్ధతులు అవసరమయ్యాయి.

గాలిలోని సిద్ధబీజాలను అంచనా వేయడానికి చెక్క బిళ్ళల పద్ధతిని వాడతారు. ఆరోగ్యవంతమైన స్ప్రూస్ లేదా పైన్ నుండి కోసిన పలుచని బిళ్ళలను పెట్రి పాత్రలలో ఉంచి, అడవిలో కొన్ని గంటలు తెరచి పెడతారు. తరువాత ప్రయోగశాలలో తేమగా ఉంచితే వారం, పది రోజులలో బిళ్ళపై శిలీంధ్రపు అలైంగిక సిద్ధబీజ నిర్మాణాలు ఏర్పడతాయి. సూక్ష్మదర్శిని క్రింద వాటిని లెక్కించి, ఏ ఋతువులో ప్రమాదం ఎక్కువో నిర్ధారిస్తారు.

ఒక మడిలోని తెగులు అంతా ఒకే శిలీంధ్ర వ్యక్తి వలన కలిగినదా లేక అనేక వ్యక్తుల వలన కలిగినదా అని తెలుసుకోవడం కూడా ముఖ్యమే. వేర్వేరు చెట్ల నుండి సేకరించిన శిలీంధ్రాలను ఒకే పాత్రలో ఎదురెదురుగా పెంచితే, ఒకే వ్యక్తికి చెందినవి కలిసిపోతాయి. వేర్వేరు వ్యక్తులకు చెందినవైతే మధ్యలో స్పష్టమైన గీత ఏర్పడుతుంది. మడి అంతటా చిన్న చిన్న వ్యక్తులు అనేకం ఉంటే తెగులు సిద్ధబీజాల ద్వారా కొత్తగా చేరినదని, ఒకే పెద్ద వ్యక్తి ఉంటే వేళ్ళ ద్వారా చాలా కాలంగా ప్రాకుతున్నదని భావించవచ్చు. మాల్యూర్ అరణ్యంలోని ఆర్మిల్లేరియా విస్తీర్ణాన్ని ఇటువంటి పరీక్షలతో పాటు డీఎన్ఏ విశ్లేషణ ద్వారా నిర్ధారించారు.

ఫిన్లండ్ శాస్త్రవేత్త కారి కోర్హోనెన్ 1978లో ఐరోపా హెటెరోబేసిడియాన్‌లో పరస్పరం సంకరించని వర్గాలు ఉన్నాయని చూపారు. ఇవి నేడు వేర్వేరు జాతులుగా గుర్తింపు పొందాయి. ఒకటి ప్రధానంగా పైన్‌ను, ఒకటి స్ప్రూస్‌ను, మరొకటి ఫర్‌ను ఆశిస్తాయి. తెగులు సోకిన నేలలో తదుపరి ఏ చెట్టును నాటాలన్న ప్రశ్నకు ఈ విభజన ఆచరణలో ఉపయోగపడుతున్నది.

ద్వారాన్ని మూయడం: మోడు రక్షణ

మోడు ఉపరితలాన్ని తాజాగా ఉన్నప్పుడే కాపాడితే గాలి ద్వారా వచ్చే తెగులును నిరోధించవచ్చునని రిష్‌బెత్ పరిశోధన సూచించినది. తొలి సంవత్సరాలలో క్రియోసోట్ వంటి పదార్థాలను మోడులపై పూశారు. ఇవి హెటెరోబేసిడియాన్‌తో పాటు దానికి పోటీగా రాగల హానిరహిత శిలీంధ్రాలను కూడా అడ్డుకున్నాయి. తరువాతి కాలంలో యూరియా ద్రావణం వాడకంలోకి వచ్చినది. మోడులోని ఎంజైములు యూరియాను విడగొట్టి అమ్మోనియాను విడుదల చేస్తాయి. ఉపరితలం క్షారగుణాన్ని పొంది సిద్ధబీజాలు మొలకెత్తవు. ఉత్తర అమెరికాలో బోరాన్ లవణాలను వాడుతున్నారు.

వీటికంటే ఆసక్తికరమైనది జీవ నియంత్రణ. ఫ్లెబియోప్సిస్ జైగాంటియా అనే శిలీంధ్రం నరికిన పైన్ దుంగలపై సహజంగా పెరుగుతుంది. బ్రతికి ఉన్న చెట్లను చంపదు. దీని బీజాలను నీటిలో కలిపి తాజా మోడుపై చల్లితే, అది ముందుగా చెక్కను ఆక్రమించి హెటెరోబేసిడియాన్‌కు చోటు లేకుండా చేస్తుందని రిష్‌బెత్ 1963లో నివేదించారు. ముందు చేరినదానికే మోడు దక్కుతుందన్న సూత్రాన్ని ఇక్కడ అడవికి మేలు కలిగేలా ఉపయోగించుకున్నారు. అంతేగాక ఈ శిలీంధ్రం మోడును కుళ్ళబెట్టి తెగులుకు గాదె లేకుండా చేస్తుంది. అటవీ రంగంలో విజయవంతంగా వాణిజ్య స్థాయికి చేరిన తొలి జీవ నియంత్రణ పద్ధతులలో ఇది ఒకటి. ఫిన్లండ్‌లో రూపొందిన రాట్‌స్టాప్ అనే ఉత్పత్తి 1990ల నుండి విస్తృతంగా వాడుకలో ఉన్నది.

నేడు చెట్టును నరికే యంత్రపు రంపపు పలకలోని రంధ్రాల ద్వారానే ఈ ద్రావణం మోడుపై పడే ఏర్పాటు ఉన్నది. ద్రావణంలో రంగును కలపడం వలన ఉపరితలమంతా తడిసినదో లేదో కంటితో చూసి తెలుసుకోవచ్చు. ఇది చిన్న విషయంగా తోచినా ఫలితం దీనిపైనే ఆధారపడి ఉన్నది. తడవని భాగం ఎంత చిన్నదైనా సిద్ధబీజాలకు అది తెరచిన తలుపే.

ఋతువును ఎంచుకోవడం ఖర్చు లేని నివారణ. ఉత్తర ఐరోపాలో మంచు కురిసే శీతాకాలంలో సిద్ధబీజాల విడుదల దాదాపు ఆగిపోతుంది. అప్పుడు నరికితే మోడుకు ప్రమాదం తక్కువ. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో దీనికి విరుద్ధంగా వేసవిలో పలుచన చేయడం మంచిదని సిఫారసు చేశారు. అక్కడి ఎండకు మోడు ఉపరితలం వేడెక్కి సిద్ధబీజాలు చనిపోతాయి. ఒకే తెగులుకు రెండు ప్రాంతాలలో రెండు ఋతువులు అనుకూలమైనవి. ఒక చోట ఫలించిన సిఫారసును మరొక చోట పరీక్షించకుండా అమలు చేయరాదని దీని వలన గ్రహించాలి.

గాదెను తొలగించడం: సోకిన నేలల యాజమాన్యం

తెగులు ఇప్పటికే నేలలో స్థిరపడి ఉంటే మోడుపై ద్రావణం చల్లడం వలన ప్రయోజనం ఉండదు. ఆర్మిల్లేరియా, పొరల వేరు కుళ్ళు విషయంలో ఈ పరిస్థితే ఎదురవుతుంది. ఇక్కడ రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటి మార్గం మోడులను, పెద్ద వేళ్ళను యంత్రాలతో పెకలించి నేల పైకి తీయడం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో స్కిమికిన్ అనే చోట 1968లో ఈ పద్ధతిపై దీర్ఘకాల ప్రయోగాన్ని ప్రారంభించారు. మోడులు తొలగించిన మడులలో కొత్తగా నాటిన చెట్ల మరణాలు, తొలగించని మడుల కంటే తక్కువగా ఉన్నాయని దశాబ్దాల పరిశీలనలో తేలినది. థెట్‌ఫర్డ్‌లో కూడా తెగులు తీవ్రంగా ఉన్న క్షారగుణపు నేలలలో మోడులను పెకలించారు. అయితే ఈ పనికి ఖర్చు ఎక్కువ. బరువైన యంత్రాల వలన నేల గట్టిపడుతుంది. వాలు భూములలో కోతకు గురవుతుంది. కనుక చదునైన, తెగులు తీవ్రంగా ఉన్న చోట్లకే దీనిని పరిమితం చేయడం మేలు.

రెండవ మార్గం చెట్టు జాతిని మార్చడం. పొరల వేరు కుళ్ళుకు డగ్లస్‌ఫర్ సులభంగా లోనవుతుంది. పశ్చిమ ఎర్ర సీడార్ తట్టుకుంటుంది. ఆల్డర్, మేపుల్ వంటి వెడల్పు ఆకుల చెట్లకు ఈ తెగులు సోకదు. సోకిన మడిలో ఒక తరం పాటు ఈ చెట్లను పెంచితే నేలలోని పాత మోడులు క్రమంగా శిథిలమవుతాయి. వ్యవసాయంలోని పంట మార్పిడి సూత్రమే ఇక్కడ అర్ధ శతాబ్దపు కాలమానంలో అమలవుతున్నది. కలగలుపు జాతుల తోటలలో ఒకే జాతి వేళ్ళు ఒకదానినొకటి తాకే అవకాశం తగ్గి, తెగులు వేగం కూడా తగ్గుతుంది.

కొత్త ప్రాంతాలకు వ్యాప్తి

ఉత్తర అమెరికాకు చెందిన హెటెరోబేసిడియాన్ జాతి ఒకటి ఇటలీలో రోమ్ నగర సమీపపు తీర ప్రాంత పైన్ వనాలలో వ్యాపించి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో అక్కడ విడిది చేసిన అమెరికా సేనలు తెచ్చిన శుద్ధి చేయని కలపతో అది చేరి ఉంటుందని జన్యు పరిశోధనల ఆధారంగా భావిస్తున్నారు. ఒక్కసారి ప్రవేశించిన శిలీంధ్రం అక్కడే నిలిచి, స్థానిక జాతితో సంకరిస్తున్నది కూడా. బెరడుతో కూడిన కలప దిగుమతులపై క్వారంటైన్ నిబంధనలు ఎందుకు అవసరమో ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

భారతదేశానికి, తెలుగు ప్రాంతాలకు అన్వయం

మన దేశంలో కోనిఫర్ అడవులు ప్రధానంగా హిమాలయాలలో ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ ప్రాంతపు దేవదారు అడవులలో హెటెరోబేసిడియాన్ వర్గానికి చెందిన వేరు కుళ్ళును డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అరకు, అనంతగిరి కొండలపై పైన్ తోటలు కొద్ది విస్తీర్ణంలో మాత్రమే ఉన్నాయి.

అయినప్పటికీ ఈ సూత్రం తెలుగు రైతుకు కొత్తది కాదు. కొబ్బరిని ఆశించే గానోడెర్మా తెగులు కూడా వేరు నుండి వేరుకు ప్రాకే తెల్ల కుళ్ళు శిలీంధ్రం వలననే కలుగుతుంది. మొదలు వద్ద కాండం నుండి బంక కారే సమయానికి లోపల తెగులు ముదిరి ఉంటుంది. చనిపోయిన చెట్టును మొదలు, వేళ్ళతో సహా తొలగించి కాల్చివేయడం, సోకిన చెట్టు చుట్టూ కందకం త్రవ్వి ఆరోగ్యవంతమైన చెట్ల నుండి వేరు చేయడం, వేపపిండితో కలిపి ట్రైకోడెర్మాను వేయడం దీనికి సిఫారసు చేసిన పద్ధతులు. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం ట్రైకోడెర్మా వాడకంపై కృషి చేసినది. గాదెను తొలగించడం, వేళ్ళ సంపర్కాన్ని తెంచడం, మేలు చేసే శిలీంధ్రాన్ని పోటీకి నిలపడం అనే మూడు అంశాలు రెండు చోట్లా ఒకటే. చనిపోయిన కొబ్బరి చెట్టును నేల మట్టానికి నరికి, మొదలును అలాగే వదిలివేసే అలవాటు ఎందుకు ప్రమాదకరమో కోనిఫర్ అడవుల అనుభవం స్పష్టం చేస్తున్నది.

ముగింపు

కోనిఫర్ అడవుల వేరు తెగుళ్ళ యాజమాన్యంలో శాస్త్రీయమైన చిక్కులు చాలా వరకు విడిపోయాయి. మిగిలినది ఆచరణలోని చిక్కు. మోడుపై ద్రావణం చల్లే ఖర్చు నేడు, తక్కువ ధర పలికే పలుచన కలప అమ్మకంలో నుండి పెట్టవలసి ఉంటుంది. దాని లాభం ముప్పై, నలభై సంవత్సరాల తరువాత, చాలా సందర్భాలలో మరొక యజమానికి అందుతుంది. మోడును వదిలివేసిన నష్టం కూడా అంతే కాలం కనిపించకుండా ఉంటుంది. అందుచేతనే ఫిన్లండ్‌లో తెగులు ప్రమాదం ఉన్న ప్రాంతాలలో వెచ్చని నెలలలో నరికే కోనిఫర్ మోడులకు రక్షణ కల్పించడాన్ని చట్టబద్ధం చేశారు.

తెగులును ముందుగా గుర్తించడం, అనువైన ఋతువులో నరకడం, మోడు ఉపరితలాన్ని వెంటనే పూర్తిగా తడపడం, సోకిన నేలలో తట్టుకునే జాతులను నాటడం, తీవ్రత ఎక్కువగా ఉన్న చదును నేలలలో మోడులను పెకలించడం అనే ఐదు చర్యలను స్థానిక పరిస్థితులకు తగినట్లు కలిపి పాటించాలి. రంపం ఆగిన వెంటనే మోడుపై వెచ్చించే కొద్ది క్షణాలు రాబోయే తరం అడవి ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయి.